బాగానే కనిపిస్తోందిగా!

నలభై దాటగానే చత్వారం పలకరిస్తుంది. పేపరు చదవాలంటే చెయ్యి బారుగా చాపాల్సి వస్తుంది. కళ్లద్దాల షాపుకి వెళ్తాం. అక్కడి కుర్రాడు గోడమీది అక్షరాలు చదివిస్తాడు, చిన్న అచ్చున్న కార్డు చేతికిస్తాడు, ప్లస్ వన్ అంటాడు. సాయంత్రానికి అద్దాలు వచ్చేస్తాయి. "కళ్లు చూపించుకున్నా, ఏం పర్లేదట" అని ఇంట్లో చెప్పేస్తాం.

ఆ షాపులో కొలిచింది అద్దాల నంబరు. కంటి లోపల ప్రెషర్ ఎంతుందో, వెనక నరం ఎలా ఉందో ఎవరూ చూడలేదు. చూపించుకోవాలని మనకూ తోచలేదు. బాగానే కనిపిస్తోంది కదా, ఎందుకు తోస్తుంది? గ్లాకోమాతో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది. నీటికాసులు అని మనం పిలిచే ఈ జబ్బు నొప్పి పెట్టదు, దురద పెట్టదు, కన్ను ఎర్రబడనివ్వదు. చాలామందిలో చివరి దశ దాకా అక్షరాల బోర్డు మీద ఆఖరి వరుస కూడా చదవనిస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో మిమ్మల్ని కోరేది ఒక్కటే. కంటి విషయంలో మీకేమనిపిస్తోందన్నది పక్కనపెట్టి, కొలతను నమ్మడం నేర్చుకోండి. చెప్పినంత తేలిక కాదు. ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆసుపత్రికి వెళ్లడం, ఏ గుణమూ కనిపించకపోయినా రోజూ మందు వేసుకోవడం మనకు అలవాటు లేని పనులు.

లోపల జరిగేది

కంటి ముందు భాగంలో ఎప్పుడూ ఒక పల్చటి ద్రవం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. కన్నీరు పైపైన తడిపేది, ఇది లోపలిది. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియాకీ, లోపలి కటకానికీ రక్తనాళాలు ఉండవు కాబట్టి వాటి పోషణ చూసేది ఈ ద్రవమే. నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఊరుతుంది. చుక్కల మందు సీసాలోంచి పడే ఒక్క చుక్కంత తయారు కావడానికి పావుగంట పడుతుందన్నమాట. ఊరినంతా ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. కార్నియా, దాని వెనకున్న రంగుపొర కలిసే మూలలో సన్నటి వడపోత కణజాలం ఉంది. ద్రవం అందులోంచి వెళ్లి రక్తంలో కలిసిపోతుంది. డాక్టర్లు ఆ మూలనే యాంగిల్ అంటారు. స్నానాలగది జాలీకి వెంట్రుకలు పట్టుకున్నప్పుడు నీళ్లు మెల్లగా దిగుతాయి చూడండి, ఈ కణజాలం కూడా వయసు మీద అలాగే మందగిస్తుంది. రావడం ఆగదు, పోవడం తగ్గుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది.

ఆ ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. దీనికీ చేతికి పట్టీ చుట్టి చూసే బీపీకీ నేరుగా పొత్తు లేదు. "నాకు బీపీ లేదండీ, కంట్లో ప్రెషర్ ఎందుకొస్తుంది?" అని చాలామంది అడుగుతారు. రావొచ్చు. బీపీ ఉన్నవాళ్లకు రాకపోనూ వచ్చు.

ఒత్తిడి దెబ్బ తగిలేది కంటి వెనకున్న నరానికి. కంటి నుంచి మెదడుకి వెళ్లే ఆ నరంలో పది, పన్నెండు లక్షల సన్నటి పోగులు ఉంటాయి. ఒక్కో పోగు చచ్చిపోయినప్పుడల్లా చూపులో ఒక్కో తునక పోతుంది. చచ్చిన పోగు మళ్లీ పుట్టదు. శుక్లానికి ఆపరేషన్ చేసి కటకం మారిస్తే చూపు తిరిగొస్తుంది. కార్నియా చెడితే నేత్రదానంలో వచ్చిన కార్నియా అతుకుతారు. "మా కన్నిస్తాం, మార్చండి" అని గ్లాకోమా రోగుల పిల్లలు డాక్టర్లను బతిమాలుతుంటారు. వాళ్లకు చెప్పగలిగింది ఒక్కటే. కన్నును మొత్తంగా మార్చినా ఆ నరాన్ని మెదడుతో మళ్లీ కలిపే విద్య ఇంకా ఎవరికీ చేతకాలేదు.

అయితే 21 దాటితే జబ్బు, దాటకపోతే క్షేమం అనుకోవద్దు. కొందరి నరం 16 దగ్గరే దెబ్బతింటుంది. కొందరిది 25 ఉన్నా ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. అందుకే ప్రెషర్ ఒక్కటే చూసి "నార్మల్" అని పంపించేసిన పరీక్షను పూర్తి పరీక్ష అనుకోకండి. నరాన్ని చూడాలి.

ఎందుకు తెలియదు?

చూపు పోతుంటే మనిషికి తెలియకపోవడం ఏమిటని మీకు అనుమానం రావొచ్చు. ముందు పోయేది పక్కచూపు. అదీ ముక్కలు ముక్కలుగా, రెండు కళ్లలో వేర్వేరు చోట్ల. ఒక కంట్లో లేనిది రెండో కన్ను అందిస్తుంది. రెండింట్లోనూ లేని చోట ఏముండాలో మెదడే ఊహించి పూడ్చేస్తుంది. కాబట్టి నల్ల మచ్చంటూ ఏదీ కనబడదు. ఉన్న బండి కనబడదు, అంతే. ఖాళీ రోడ్డు కనిపిస్తుంది, పక్క సందులోంచి వచ్చే బైకు అందులో ఉండదు.

సాధారణంగా ఇది ముందు పసిగట్టేది ఇంట్లోవాళ్లు, అదీ జబ్బని తెలియకుండా. "ఈమధ్య నాన్న అన్నింటికీ తగులుకుంటున్నారు." "మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు చూసుకోవడం లేదు." "పక్కన నిలబడితే ఎవరూ లేనట్టే వెళ్లిపోతున్నారని పక్కింటాయన బాధపడ్డాడు." వయసైపోయిందని, పరధ్యానమని సర్దుకుపోతాం. ఈ మాటల్లో రెండు మీ ఇంట్లో వినిపిస్తుంటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో ఒక పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో పదివేల మందికి పైగా జనాన్ని పిలిచి కళ్లు పూర్తిగా పరీక్షించారు. గ్లాకోమా ఉన్నట్టు తేలినవాళ్లలో అత్యధికులకు ఆ రోజు దాకా తమకు ఆ జబ్బుందనే తెలియదు. పల్లె సంగతి సరే, ఆసుపత్రులు అడుగడుగునా ఉన్న హైదరాబాద్‌లోనూ అదే తంతు. ఆసుపత్రి దగ్గర్లో ఉండటానికీ, అవసరం ఉందని తెలియడానికీ చాలా దూరం.

ఈ మౌనానికి ఒక మినహాయింపు ఉంది. మూల ఇరుకై ఒక్కసారిగా మూసుకుపోయే రకం ఆర్భాటంగానే వస్తుంది. కన్ను పగిలిపోతున్నంత నొప్పి, అదే వైపు తలనొప్పి, కన్ను ఎర్రబడటం, చూపు మసకబారడం, దీపం చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల్లో వలయాలు, వాంతులు. ఇది నడివయసు దాటిన ఆడవాళ్లలో, ప్లస్ అద్దాలు వాడేవాళ్లలో ఎక్కువ. కంటిపాప విప్పారే చీకట్లో, సినిమాహాల్లోనో కరెంటు పోయిన రాత్రో మొదలవుతుంది. వాంతులవుతున్నాయి కదా అని గ్యాస్ అనుకుంటారు, తలనొప్పి కదా అని పార్శ్వపు నొప్పి మాత్ర వేస్తారు, తెల్లారాక చూద్దామంటారు. ఈ జబ్బుకు తెల్లవారేదాకా గడువు ఉండదు. కంటినొప్పితో పాటు వాంతులు కలిసి వస్తే అది కంటికి అత్యవసర పరిస్థితి. ఆ రాత్రే వెళ్లాలి. కొంతమందికి ఇంత ఉధృతంగా రాకుండా, సాయంత్రాలు కాసేపు తలనొప్పి, వలయాలు వచ్చి వాటంతటవే తగ్గిపోతుంటాయి. ఆ హెచ్చరిక ఉన్నప్పుడే చూపించుకుంటే లేజర్‌తో రంగుపొరకు చిన్న రంధ్రం చేసి, పెద్ద ప్రమాదం రాకుండా చాలావరకు కాపాడతారు. ఆ పనికి కొన్ని నిమిషాలే పడుతుంది, ఆసుపత్రిలో పడుకోవక్కర్లేదు.

మందుల షాపులో మొదలయ్యే గ్లాకోమా

ఈ ముక్క కాస్త గట్టిగానే చెప్పాలి. మిగతా గ్లాకోమాలు మనల్ని వెతుక్కుంటూ వస్తే, దీన్ని మనం డబ్బిచ్చి కొనుక్కుంటాం.

"కళ్లు ఎర్రబడ్డాయి, ఏదైనా చుక్కల మందు ఇవ్వు బాబూ" అంటే షాపువాళ్లు ఇచ్చే సీసాల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన పూటకే ఎరుపు పోతుంది, దురద పోతుంది, చల్లగా హాయిగా ఉంటుంది. మంచి మందని పేరొస్తుంది. వీధిలో మరో నలుగురికి చెబుతాం, ఇంట్లో పిల్లలకూ అదే వేస్తాం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే దాదాపు మూడోవంతు మందిలో కంటి ప్రెషర్ ఎంతో కొంత పెరుగుతుంది, కొద్దిమందిలో విపరీతంగా పెరుగుతుంది. మీరు ఆ కొద్దిమందిలో ఉన్నారో లేదో ముందుగా చెప్పే గుర్తు మీ మొహం మీద ఉండదు.

ఎక్కువ నష్టపోయేది ఎండాకాలం వచ్చేసరికి కళ్లు నులుముకునే అలర్జీ పిల్లలు. దురద ప్రతి ఏడాదీ వస్తుంది, తల్లి ప్రతిసారీ పాత చీటీ పట్టుకెళ్లి అదే మందు తెస్తుంది. పిల్లాడు ఇంటర్‌లోకి వచ్చేసరికి బోర్డు కనబడటంలేదంటాడు. సీసా మీది పేరు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. కంటి ఆపరేషన్ తర్వాతో, కంటి వాపుకో డాక్టరే ఇస్తారు. అప్పుడు అది అవసరమైన మందు, మానకూడదు. ఎన్నాళ్లు, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు ప్రెషర్ చూపించుకోవాలి అని చీటీ మీద రాయించుకోండి. ఆ తేదీ దాటాక మిగిలిన సీసాను చెత్తబుట్టలో వేయండి, ఫ్రిజ్ తలుపులో కాదు. ఉబ్బసానికి పీల్చే మందులు, కీళ్లనొప్పులకు స్టెరాయిడ్ మాత్రలు, కనురెప్పల దగ్గర రాసుకునే చర్మం క్రీములు ఏళ్ల తరబడి వాడేవాళ్లు కూడా ఆ సంగతి కంటి డాక్టరుకి చెప్పాలి.

పనిలోపనిగా ఇంకో పాత నమ్మకం. "శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక ఆపరేషన్ చేయించుకుందాం" అని వాయిదా వేస్తుంటారు. ముదరాలన్నది పాతకాలపు ఆపరేషన్ల నాటి మాట. మరీ ముదిరిన శుక్లం ఉబ్బి మూలను మూసేస్తుంది, లేదా లోపలే కరిగి కారి జాలీని పూడ్చేస్తుంది. శుక్లం తీస్తే తిరిగి రావాల్సిన చూపు కాస్తా నరం దెబ్బతిని శాశ్వతంగా పోతుంది. ఇక నందివర్ధనం పూలు కళ్లమీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గానీ కంటి లోపలి ప్రెషర్‌తో వాటికి సంబంధం లేదు. పొన్నగంటి కూర తినండి, మంచి ఆకుకూర. దానితో నీటికాసులు తగ్గవు. తేనె, ఆముదం, ఉల్లిరసం మాత్రం కంట్లో వేయకండి.

పరీక్షకు వెళ్లినప్పుడు

నలభై దాటిన ప్రతివాళ్లూ రెండేళ్లకోసారి, ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉన్నవాళ్లు, మైనస్ నంబరు ఎక్కువున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కళ్లు పూర్తిగా చూపించుకోవాలి. చిన్నప్పుడెప్పుడో క్రికెట్ బంతో గోటీబిళ్లో టపాకాయో కంటికి గట్టిగా తగిలి ఉంటే అదీ చెప్పండి. ఆ దెబ్బ ఫలితం పది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా గ్లాకోమాగా బయటపడొచ్చు. అద్దాలు పోవడానికి లేసిక్ చేయించుకున్నవాళ్లు తప్పకుండా చెప్పాలి. కార్నియా పల్చబడటంతో యంత్రం ప్రెషర్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఆసుపత్రిలో మందు వేసి మొద్దుబార్చిన కంటికి నీలి దీపమున్న చిన్న మొన ఆనించి ప్రెషర్ కొలుస్తారు. గాలి ఊది చూసే యంత్రం తొలి వడపోతకు పనికొస్తుంది గానీ ఖాయం చేసుకోవడానికి ఈ మొనే మేలు. అద్దం బిగించిన లెన్సు కంటికి ఆనించి మూల తెరుచుకుని ఉందో లేదో చూస్తారు. కంటిపాప విప్పారే మందు వేసి నరం మొదలును చూస్తారు. ఆ పూట బండి నడపలేరు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. ఓసీటీ అనే స్కాన్‌లో నరం చుట్టూ పోగుల మందం అంకెల్లో వస్తుంది.

అందరినీ కంగారు పెట్టేది పక్కచూపును కొలిచే ఫీల్డ్ టెస్ట్. గదిలో దీపాలు ఆర్పేస్తారు. ఒక కంటికి ప్యాచ్ వేసి, గడ్డం ఒక ఆసరా మీద, నుదురు పట్టీకి ఆనించి కూర్చోబెడతారు. ఎదురుగా తెల్లటి బోలు తెర, మధ్యలో ఒక చిన్న దీపం, చేతిలో బొత్తాం. ఆ దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో అక్కడ వెలుగు చుక్క మిణుక్కుమంటుంది. కనబడితే బొత్తాం నొక్కాలి. మొదట్లో సులువుగానే ఉంటుంది. తర్వాత చుక్కలు మసకబారతాయి. వచ్చిందా, వచ్చినట్టు అనిపించిందా తెలియదు. ఒక పెద్దాయన ఆగలేక అడిగేస్తాడు.

"బాబూ, ఇందాకటి నుంచి ఏమీ రావడంలేదు. మిషను ఆగిపోయిందేమో చూడు."

"వస్తున్నాయి తాతగారూ. మధ్యదీపాన్నే చూడండి, వెతక్కండి. రెప్ప వేసుకోవచ్చు."

పరీక్షలో తప్పుతానేమోనన్న భయంతో కొందరు అంచనా మీద టకటకా నొక్కేస్తారు. అలా నొక్కితే రిపోర్టు పనికిరాకుండా పోతుంది. యంత్రం కావాలనే వెలుగును తగ్గించుకుంటూ పోతుంది. మీకు కనిపించే ఆఖరి మసక ఎంతో తెలుసుకోవడమే దాని పని. కాబట్టి ఏ జబ్బూ లేని కంటికి కూడా సగం చుక్కలు కనబడవు. కనబడినప్పుడే నొక్కండి, అలసిపోతే బొత్తాం నొక్కిపట్టి కాసేపు ఆపొచ్చు. మొదటిసారి రిపోర్టు బాగా రాకపోతే హడలిపోకండి. చాలామందికి రెండోదో మూడోదో నమ్మదగ్గదిగా వస్తుంది. మళ్లీ చేయమన్నారంటే డబ్బులకోసమే అని అన్నిసార్లూ అనుకోనక్కర్లేదు.

ఈ రిపోర్టులన్నీ ఒక ఫోల్డరులో తేదీల వరసన పెట్టుకోండి. పొలం కాగితాలు దాచినంత భద్రంగా దాచండి. గ్లాకోమాలో ఇవాళ్టి రిపోర్టు ఒక్కటే చూసి చెప్పగలిగేది కొంతే. మూడేళ్ల కిందటిదాని పక్కన పెట్టి చూసినప్పుడు జబ్బు ఆగిందో నడుస్తోందో తెలుస్తుంది. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ ఫోల్డరు మీ వెంట ఉండాలి.

రోజుకో చుక్క, బతికినన్నాళ్లూ

చికిత్స మొత్తం కంటి ప్రెషర్ తగ్గించడమే. అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో ప్రెషర్ ఎక్కువగా ఉన్నా నరం ఇంకా దెబ్బతినని 1,636 మందిని రెండు జట్లు చేసి ఐదేళ్లు గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. చుక్కలు వేయని జట్టులో నూటికి 9.5 మందికి గ్లాకోమా మొదలైతే, వేసిన జట్టులో 4.4 మందికే మొదలైంది. సగానికి సగం కంటే తక్కువ.

అయినా మనుషులు చుక్కలు మానేస్తారు. తలనొప్పి మాత్రకు ఫలితం అరగంటలో కనిపిస్తుంది, నొప్పి పోతుంది. ఈ చుక్క వేసుకుంటే ఏ తేడా తెలియదు. మానేసినా ఏ తేడా తెలియదు. పైగా కొన్ని మంట పెడతాయి, కళ్లు కాస్త ఎర్రబరుస్తాయి. మామూలుగా ఉన్న కన్ను మందు వేశాక ఎర్రబడితే "ఈ మందు పడలేదు" అని మూలన పడేయడం సహజం. ఇక్కడ పట్టుదల మీద ఆధారపడకండి. పట్టుదల నెల రోజుల్లో చల్లారుతుంది. రోజూ తప్పని పని ఏదైనా ఉంటే దానికి దీన్ని ముడిపెట్టండి. పొద్దున కాఫీ, సంధ్య దీపం, రాత్రి తొమ్మిది గంటల వార్తలు, ఏదైనా సరే. సీసా అక్కడే ఉండాలి. పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండర్ మీదే సీసా తెరిచిన తేదీ కూడా రాయండి. చాలా సీసాలు తెరిచిన నెలకు మార్చాలి. తిరుపతి ప్రయాణానికీ పెళ్లిళ్లకీ సంచీలో ఒక సీసా ముందే పెట్టుకోండి. మానడం ఎక్కువగా అలాంటి ప్రయాణాల్లోనే మొదలై ఇంటికొచ్చాక కొనసాగుతుంది.

వేసే పద్ధతి కూడా ముఖ్యమే. చేతులు కడుక్కుని తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగి ఆ సంచిలో ఒక్క చుక్క వేయండి. కన్ను పట్టేదే ఒక్క చుక్క, రెండోది చెంపమీదికే. వేశాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. లేకపోతే మందు ముక్కులోకి దిగి ఒంట్లోకి పోతుంది, గొంతులో చేదు తగిలేది అందుకే. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి. చెయ్యి వణికేవాళ్లు పడుకుని వేసుకోండి, లేదా ఇంట్లోవాళ్లను వేయమనండి. "ఏమండీ, కాస్త చుక్క వెయ్యండి" అని అడగడానికి మొహమాటమేమీ వద్దు. సీసా మూతి రెప్పకు తగలనివ్వకండి.

ఈ చుక్కల మందుల్లో టిమోలాల్ పాతది, చవకది, బాగా పనిచేసేది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు అది ప్రమాదం. కంటి మందే కదా అనుకోకుండా మీ ఒంటి జబ్బులన్నీ కంటి డాక్టరుకి చెప్పండి. రాత్రిపూట ఒక్కసారి వేసే లాటనోప్రోస్ట్ రకం మందులతో కనురెప్పల వెంట్రుకలు పొడవుగా పెరుగుతాయి, కంటి చుట్టూ చర్మం కాస్త నల్లబడొచ్చు. దానికే కంగారుపడి ఆపేయకండి, నచ్చకపోతే చెప్పి మార్పించుకోండి. ఖర్చు భారమైనా అదే మాట. మొహమాటపడి రోజు మార్చి రోజు వేసుకునేకంటే "ఇంత పెట్టుకోలేనండీ" అని చెబితే చవకలో వేరేది రాస్తారు.

ఇంకోటి. చెకప్ రేపనగా మూడు రోజుల నుంచి బుద్ధిగా చుక్కలు వేసుకుని వెళ్లేవాళ్లు చాలామంది. ప్రెషర్ బాగుంటుంది, డాక్టరు అదే మందు కొనసాగించమంటారు. ఫీల్డ్ మాత్రం ఏటికేడు తగ్గుతుంది. ఎందుకు తగ్గుతోందో ఆయనకు అంతుపట్టక మందు మీద మందు పెంచుతారు. మానేసి ఉంటే మానేశామని చెప్పండి.

చుక్కలు వేసుకోలేనివాళ్లకు లేజర్ ఉంది. బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, మూల తెరుచుకునే ఉండే ఓపెన్ యాంగిల్ రకానికి ముందుగానే లేజర్ చేసినవాళ్లలో నూటికి 74 మందికి మూడేళ్లదాకా చుక్కల అవసరమే పడలేదు. అందరికీ సరిపడదు, ప్రభావం కొన్నేళ్లకు తగ్గొచ్చు, అయినా అడగాల్సిన ప్రశ్న. ఆపరేషన్ అయితే ద్రవం పోవడానికి పై రెప్ప కింద కొత్త దారి చేస్తారు. "అంత ఖర్చుపెట్టి ఆపరేషన్ చేయించినా చూపు పెరగలేదు" అని డాక్టరుతో గొడవపడే కుటుంబాలున్నాయి. ఆ ఆపరేషన్ ఉన్న చూపును నిలబెట్టడానికి, పోయినదాన్ని తేవడానికి కాదు. సంతకం పెట్టేముందే ఇది అర్థం చేసుకోండి.

జీవనశైలి గురించి పుస్తకాలు రాయక్కర్లేదు. రోజూ నడవండి, ప్రెషర్ కొద్దిగా తగ్గుతుంది. శీర్షాసనం మానండి. తలకిందులుగా ఉన్నంతసేపూ కంటి ప్రెషర్ రెట్టింపవుతుంది. పొద్దున్నే లీటరు నీళ్లు గటగటా తాగే అలవాటుంటే గ్లాసు గ్లాసుగా విడదీయండి. అన్ని నీళ్లూ ఒక్కసారిగా తాగితే కాసేపు ప్రెషర్ పెరుగుతుంది. రాత్రిపూట బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఆ సంగతి కంటి డాక్టరుకి చెప్పండి. నిద్రలో బీపీ మరీ పడిపోతే నరానికి రక్తం చాలదు.

పసిపిల్లలు, తోబుట్టువులు

గ్లాకోమాతోనే పుట్టే పిల్లలుంటారు. కళ్లు మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి, చూసినవాళ్లంతా కలువరేకుల్లాంటి కళ్లని ముచ్చటపడతారు. వెలుతురు చూడలేక పాప మొహం తల్లి భుజంలో దాచుకుంటుంది, ఊరికే కన్నీళ్లు కారతాయి, నల్లగుడ్డు మీద మసక తెలుస్తుంది. ఈ లక్షణాలు కనిపిస్తే ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,300 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతున్నట్టు ఎల్వీ ప్రసాద్ సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. చాలా దేశాలకంటే ఇది ఎక్కువ. మేనరికాలు ఒక ప్రధాన కారణం. దీనికి చుక్కలతో సరిపోదు, ఆపరేషన్ కావాలి, అది పుట్టిన కొద్దిరోజులకే చేయొచ్చు. అదే సంస్థలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ పసికందులకు ఈ ఆపరేషన్లు చేస్తూ, ఆ కృషికి 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. బిడ్డకు మత్తిస్తే ఏమవుతుందోనని నెలలు గడిపే తల్లిదండ్రులు పోగొట్టేది ఆ బిడ్డ జీవితకాలపు చూపు.

పెద్దవాళ్లలో ఒక పెద్ద ముప్పు రక్తసంబంధం. తల్లికో తండ్రికో అన్నకో అక్కకో గ్లాకోమా ఉంటే మీకు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో ఈ విషయం దాస్తారు. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడెందుకీ మాటలు" అంటారు. "తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, వాడికెందుకు కంగారు" అంటారు. ఆ తమ్ముడికి నలభై ఐదేళ్లు, రోజూ గంటసేపు హైవే మీద కారు నడుపుతాడు, ఇన్సూరెన్స్ ఉంది, కంటి పరీక్షకు అరపూట చాలు. చెప్పేవాళ్లు లేక వెళ్లడంలేదు. దాచినందువల్ల సంబంధం కుదిరిందో లేదో గానీ ఆ మనిషి పక్కచూపు మాత్రం ఎవరికీ తెలియకుండా పోతుంటుంది.

మీకు గ్లాకోమా ఉందని తేలితే డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక చేయాల్సిన మొదటి పని మందుల షాపుకి వెళ్లడం, రెండోది తోబుట్టువులందరికీ ఫోన్ చేయడం. "నాకు నీటికాసులట. నువ్వూ చూపించుకో. నంబరు చూసి పంపేస్తే ఒప్పుకోకు, ప్రెషర్, నరం రెండూ చూడమని అడుగు" అని చెప్పండి. నవ్వి ఊరుకుంటే వారం తర్వాత మళ్లీ చేయండి.